2024 చికాగో వైట్ సాక్స్ సీజన్

చికాగో వైట్ సాక్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని చికాగో నగరానికి చెందిన వృత్తి బేస్‌బాల్ జట్టు. ఇది మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని 30 జట్లలో ఒకటి. 2024 సీజన్‌లో ఈ జట్టు 162 ఆటలు ఆడి, 41 గెలిచి, 121 ఓడిపోయినది. 1901 నుండి లెక్కించే ఆధునిక యుగంలో ఒక జట్టు ఒకే సీజన్‌లో ఇన్ని ఆటలు ఓడిపోవడం ఇదే మొదటిసారి. అంతకు ముందు ఈ రికార్డు 1962లో 120 ఆటలు ఓడిన న్యూయార్క్ మెట్స్ పేరిట ఉండేది. మెట్స్‌కు అది పుట్టిన సంవత్సరం. ఇతర జట్లు వదులుకొన్న ఆటగాళ్ళతో సమకూర్చిన జట్టు అది. వైట్ సాక్స్ నూరేళ్ళు పైబడిన చరిత్ర గలది, దేశంలోని మూడవ పెద్ద నగరానికి చెందినది, మూడేళ్ళ క్రితమే తన విభాగంలో ప్రథమ స్థానం పొందినది. అటువంటి జట్టు ఈ స్థితికి చేరడానికి కారణాలు మైదానంలో కంటే యాజమాన్యపు నిర్ణయాలలో ఎక్కువగా కనిపిస్తాయి.

బేస్‌బాల్‌లో గెలుపు ఓటముల లెక్క

మేజర్ లీగ్‌లో ప్రతి జట్టు మార్చి చివరి నుండి సెప్టెంబరు చివరి వరకు దాదాపు ప్రతిరోజూ ఆడుతుంది. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి పరుగులు సమానమైతే, ఫలితం తేలేవరకు అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. కనుక క్రికెట్ టెస్టులలో వలె డ్రా ఉండదు. ఇంత సుదీర్ఘమైన సీజన్‌లో ఎంత గొప్ప జట్టయినా యాభై ఆటలు ఓడుతుంది, ఎంత బలహీనమైన జట్టయినా సాధారణంగా అరవై ఆటలు గెలుస్తుంది. నూరు ఓటములను అవమానంగా భావిస్తారు. 120 ఓటములు అరవై ఏళ్ళకు పైగా ఎవరూ చేరని హద్దుగా ఉండేవి. 2003లో డెట్రాయిట్ టైగర్స్ 119 ఓటముల వద్ద ఆగినది.

ఓటముల సంఖ్యను మాత్రమే చూస్తే ఒక చిన్న పొరపాటుకు అవకాశం ఉన్నది. మెట్స్ ఆడిన 160 నిర్ణీత ఆటలలో 40 గెలిచినది. అనగా సరిగ్గా నాలుగవ వంతు. వైట్ సాక్స్ నిష్పత్తి దానికంటే వెంట్రుకవాసి మెరుగు. 1916లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ 36 గెలిచి 117 ఓడినది. నిష్పత్తి ప్రకారం అది ఇంకా హీనమైనది.

నేపథ్యం

జెర్రీ రైన్స్‌డార్ఫ్ నాయకత్వంలోని పెట్టుబడిదారుల బృందం 1981లో ఈ జట్టును సుమారు 2 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసినది. 2005లో వైట్ సాక్స్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను వరుసగా నాలుగు ఆటలలో ఓడించి, 1917 తరువాత మొదటిసారిగా వరల్డ్ సిరీస్ గెలిచినది. ఆ ఉత్సాహంతో 2006లో 29 లక్షలకు పైగా ప్రేక్షకులు మైదానానికి వచ్చారు.

2013 నుండి 2019 వరకు ఏడు సీజన్‌లలోనూ జట్టు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ మూటగట్టుకొన్నది. 2016 చివరలో యాజమాన్యం పునర్నిర్మాణం ప్రారంభించినది. పేరున్న ఆటగాళ్ళను ఇతర జట్లకు ఇచ్చి, వారికి బదులుగా పిన్న వయస్కులను తీసుకొని, వారు ఎదిగేవరకు ఓటములను భరించడమే ఈ పద్ధతి. పిచ్చర్ క్రిస్ సేల్‌ను బోస్టన్‌కు ఇచ్చి యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్‌లను తీసుకొన్నారు. హోసే కింటానాను నగరంలోని మరొక జట్టయిన కబ్స్‌కు ఇచ్చి ఎలోయ్ హిమెనెజ్, డిలన్ సీస్‌లను తీసుకొన్నారు. ఈ ప్రయత్నం కొంత ఫలించినది. జట్టు 2020లో ప్లేఆఫ్‌లకు చేరి, 2021లో 93 ఆటలు గెలిచి అమెరికన్ లీగ్ మధ్య విభాగంలో ప్రథమ స్థానం పొందినది. అయితే రెండుసార్లూ ప్లేఆఫ్‌లలో తమ తొలి సిరీస్‌లోనే వెనుదిరిగినది.

అక్కడినుండి పతనం వేగంగా జరిగినది. 2022లో గెలుపులు, ఓటములు సమానంగా 81 చొప్పున వచ్చాయి. 2023లో 101 ఓటములు వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులో కార్యనిర్వాహక ఉపాధ్యక్షుడు కెన్ విలియమ్స్, జనరల్ మేనేజర్ రిక్ హాన్‌లను తొలగించి, అదే సంస్థలో యువ ఆటగాళ్ళ శిక్షణ విభాగాన్ని నడుపుతూ వచ్చిన క్రిస్ గెట్జ్‌ను జనరల్ మేనేజర్‌గా నియమించారు. ఎదగవలసిన ఆటగాళ్ళు ఎదగలేదన్నదే జట్టుపై ఉన్న ప్రధాన విమర్శ. ఆ శిక్షణకు బాధ్యత వహించిన వ్యక్తికే పగ్గాలు అప్పగించడం అప్పుడే చర్చకు దారితీసినది.

సీజన్ గమనం

సీజన్ ప్రారంభానికి రెండు వారాల ముందు, జట్టులోని ఉత్తమ పిచ్చర్ డిలన్ సీస్‌ను శాన్ డియేగో పాడ్రెస్‌కు ఇచ్చివేశారు. మొదటి 25 ఆటలలో జట్టు మూడు మాత్రమే గెలిచినది. మే, జూన్ నెలలలో వరుసగా 14 ఆటలు ఓడి, తన చరిత్రలో అతి పొడవైన పరాజయ పరంపరను నమోదు చేసినది. ఆ రికార్డు రెండు నెలలు కూడా నిలువలేదు. జూలై 10 నుండి ఆగస్టు 5 వరకు వరుసగా 21 ఆటలు ఓడి, 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ నెలకొల్పిన అమెరికన్ లీగ్ రికార్డును సమం చేసినది. ఆ పరంపర సాగుతుండగానే, జూలై 25న డిలన్ సీస్ తన కొత్త జట్టు తరఫున ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా పూర్తి ఆట వేశాడు. జూలై చివరలో మైకేల్ కోపెక్, ఎరిక్ ఫెడీ, టామీ ఫామ్, ఎలోయ్ హిమెనెజ్‌లు కూడా ఇతర జట్లకు తరలిపోయారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు వెళ్ళిన కోపెక్ ఆ సంవత్సరమే వరల్డ్ సిరీస్ విజేత జట్టులో సభ్యుడయ్యాడు.

బేస్‌బాల్‌లో మేనేజర్ అనగా మైదానంలో జట్టును నడిపించే ప్రధాన శిక్షకుడు. 28 గెలుపులు, 89 ఓటముల వద్ద, ఆగస్టు 8న మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ను తొలగించి, గ్రేడీ సైజ్‌మోర్‌కు తాత్కాలిక బాధ్యతలు అప్పగించారు. అతని ఆధ్వర్యంలో 13 గెలుపులు, 32 ఓటములు వచ్చాయి. సెప్టెంబరు 22న శాన్ డియేగోలో 120వ ఓటమి ఎదురైనది. తరువాత సొంత మైదానంలో ఏంజెల్స్‌పై మూడు ఆటలూ గెలిచి, రికార్డును కొన్నాళ్ళు వాయిదా వేసినది. సెప్టెంబరు 27న డెట్రాయిట్‌లో 4-1 తేడాతో 121వ సారి ఓడినది. అదే గెలుపుతో డెట్రాయిట్ టైగర్స్ ప్లేఆఫ్‌లకు అర్హత పొందడం గమనార్హం.

అంకెల విశ్లేషణ

వైట్ సాక్స్ సీజన్ మొత్తంలో 507 పరుగులు మాత్రమే చేసినది. 813 పరుగులు ప్రత్యర్థులకు ఇచ్చినది. ఆటకు సగటున 3.1 పరుగులు చేసి, 5 పరుగులు ఇచ్చినదన్నమాట. ఆ ఏడాది లీగ్ సగటు సుమారు 4.4 పరుగులు. అనగా బ్యాటింగ్‌లో లోటు పిచ్చింగ్‌లో లోటుకు రెట్టింపు ఉన్నది.

చేసిన పరుగులు, ఇచ్చిన పరుగుల నుండి ఒక జట్టు ఎన్ని ఆటలు గెలవవలసినదో అంచనా వేయడానికి బిల్ జేమ్స్ రూపొందించిన సూత్రం ఒకటి వాడుకలో ఉన్నది. దాని ప్రకారం ఈ జట్టుకు 45 నుండి 48 గెలుపులు రావలసినది. కనుక దురదృష్టం పాత్ర నాలుగు నుండి ఏడు ఆటలకు మించదు. అదృష్టం కలిసివస్తే రికార్డు తప్పేది; కాని నూటపది ఓటములు తప్పేవి కావు.

కారణాలు

మేజర్ లీగ్ మూసి ఉన్న వ్యవస్థ. ఐరోపా ఫుట్‌బాల్ లీగ్‌లలో చివరి స్థానం పొందిన జట్టు క్రింది శ్రేణికి దిగజారి ఆదాయం కోల్పోతుంది. ఇక్కడ అటువంటి నియమం లేదు. జాతీయ టెలివిజన్ ఆదాయం గెలిచిన జట్టుకు, ఓడిన జట్టుకు సమానంగా పంచబడుతుంది. 2 కోట్ల డాలర్లకు కొన్న ఈ జట్టు విలువను ఫోర్బ్స్ పత్రిక 2024కు ముందూ తరువాతా కూడా సుమారు 200 కోట్ల డాలర్లుగానే అంచనా వేసినది. ఓటమికి మూల్యం అభిమానులు, ఆటగాళ్ళు చెల్లించినంతగా యాజమాన్యం చెల్లించలేదు.

దీనికి పాత ఉదాహరణ కూడా ఉన్నది. 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ యజమానులు సెయింట్ లూయిస్ జట్టును కూడా కొని, సై యంగ్ మొదలైన మేటి ఆటగాళ్ళను అక్కడికి తరలించారు. మిగిలిన స్పైడర్స్ 20 గెలిచి 134 ఓడినది. ఆ జట్టు మరుసటి ఏడాదికి లేదు.

ఇంత మాత్రాన వ్యవస్థనే నిందించడం సరికాదు. అదే వ్యవస్థలో, అదే విభాగంలో ఉన్న కాన్సాస్ సిటీ రాయల్స్ 2023లో వైట్ సాక్స్ కంటే ఎక్కువగా, 106 ఆటలు ఓడినది. కాన్సాస్ సిటీ చికాగో కంటే చాలా చిన్న నగరం. ఆ శీతాకాలంలో రాయల్స్ కొత్త ఆటగాళ్ళపై 10 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించినది. యువ ఆటగాడు బాబీ విట్ జూనియర్‌తో 28 కోట్ల డాలర్లు మించిన 11 ఏళ్ళ ఒప్పందం చేసుకొన్నది. 2024లో 86 ఆటలు గెలిచి ప్లేఆఫ్‌లకు చేరినది. వైట్ సాక్స్ 2024 వరకు ఏ ఆటగానికీ 10 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వలేదు. అంతవరకు ఆ జట్టు ఇచ్చిన అతిపెద్ద ఒప్పందం ఆండ్రూ బెనింటెండీకి చెందిన 7.5 కోట్ల డాలర్లదే.

అభిమానులు, మైదానం

2024లో సొంత మైదానానికి సుమారు 13.8 లక్షల మంది వచ్చారు; ఇది 2006 సంఖ్యలో సగం కంటే తక్కువ. వచ్చినవారు జట్టును అమ్మివేయాలని యజమానిని ఉద్దేశించి నినాదాలు చేశారు. ఈ విషయం నగర ప్రజలందరికీ సంబంధించినది కూడా. 1991లో ప్రారంభమైన ప్రస్తుత మైదానం ప్రజాధనంతో నిర్మించినది, ప్రభుత్వ సంస్థ ఆధీనంలో ఉన్నది. దాని అద్దె ఒప్పందం 2029తో ముగుస్తుంది. జట్టు వరుసగా ఓడుతున్న 2024లోనే యాజమాన్యం మరొక కొత్త మైదానానికి ప్రభుత్వ సహాయం కోరినది. ఓటమి బాధ్యత సొంతం కానప్పుడు నిర్మాణ వ్యయం ప్రజలది ఎందుకు కావాలన్న ప్రశ్న అప్పుడు సహజంగానే తలెత్తినది.

పరిణామాలు

2024 డిసెంబరులో ఉత్తమ పిచ్చర్ గారెట్ క్రోషేను బోస్టన్‌కు ఇచ్చి నలుగురు యువకులను తీసుకొన్నారు. కొత్త ఆటగాళ్ళను ఎంచుకొనే డ్రాఫ్ట్‌లో బలహీన జట్లకు ముందు వరుస దక్కడం ఆనవాయితీ. కాని జట్లు కావాలని ఓడిపోకుండా 2022 నుండి లాటరీ పద్ధతి వచ్చినది. పెద్ద నగరాల జట్లు వరుసగా రెండేళ్ళు అందులో పాల్గొనరాదు. అందువలన 121 ఓటముల జట్టుకు 2025 డ్రాఫ్ట్‌లో పదవ స్థానమే దక్కినది.

విల్ వెనబుల్ మేనేజర్‌గా 2025లో జట్టు 60 గెలిచి 102 ఓడినది. ఆ ఏడాది కొలరాడో రాకీస్ 119 ఓటములతో 2024 రికార్డు సమీపానికి వచ్చి ఆగినది. 2025 జూన్‌లో రైన్స్‌డార్ఫ్ జట్టు యాజమాన్యాన్ని భవిష్యత్తులో జస్టిన్ ఇష్బియాకు బదిలీ చేసేందుకు వీలు కల్పించే ఒప్పందం ప్రకటించాడు. అయితే 2029కి ముందు ఆ బదిలీ జరగదు.

1962లో ఓడిన మెట్స్ 1969లో విజేత అయినది. 2003లో ఓడిన టైగర్స్ 2006లో వరల్డ్ సిరీస్‌కు చేరినది. పునర్నిర్మాణాన్ని సమర్థించేవారు ఈ ఉదాహరణలను చూపుతారు. వైట్ సాక్స్ విషయంలో అవి పూర్తిగా వర్తించవు. ఈ జట్టు ఒకసారి పునర్నిర్మాణం చేసి, దాని ఫలాన్ని రెండేళ్ళకు మించి నిలుపుకోలేక, మళ్ళీ మొదటికి వచ్చినది. ఆటగాళ్ళను సేకరించడం ఒక పని, వారిని తీర్చిదిద్ది నిలుపుకోవడం మరొక పని. రెండవది చేతకానిచోట మొదటిది ఎన్నిసార్లు చేసినా ఫలితం అదే అవుతుందని 2024 సీజన్ చూపినది.