పట్టీ కొనండి, కైమా కొట్టించండి

ఇంట్లో కైమా సమోసాలు చేస్తున్నామని చెప్పేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. సంతోషమే. కానీ వాళ్లలో చాలామంది ఓపికంతా తీసుకెళ్లి పిండి మీద పోస్తున్నారు. మైదా పిసికి, పల్చగా వత్తి, పెనం మీద వెచ్చబెట్టి, పొరలు విడదీసి, ముక్కలు కోసేసరికి మధ్యాహ్నం అయిపోతుంది. తీరా లోపల పెట్టే మాంసం దగ్గరికొచ్చేసరికి ఫ్రిజ్‌లోని ప్యాకెట్ కైమా, చాలకపోతే రెండు ఉడికించిన ఉర్లగడ్డలు. వీడియోలో ‘అన్నీ మా ఇంట్లోనే’ అని చెప్పుకోవడానికి పడే పాట్లు ఇవి. నేనైతే తిరగేసి చెబుతాను. పట్టీ బజార్లో కొనండి. కైమా మాత్రం మీ కళ్ల ముందు కొట్టించండి.

మాది హిందూపురం. కాపురం బెంగుళూరు కాక్స్ టౌన్‌లో. పక్కనే ఫ్రేజర్ టౌన్, అటు శివాజీనగర్. రంజాన్ నెలలో సాయంత్రం పూట అటువైపు వెళ్లినవాళ్లకి సమోసా పట్టీ గురించి నేను చెప్పాల్సిన పని లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. చిన్న చిన్న పూరీలు వత్తి, మధ్య మధ్య నూనె రాసి పిండి చల్లి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నీ కలిపి పెద్ద చపాతీలా వత్తుతారు. పెనం మీద అటూ ఇటూ క్షణకాలం వేడి తగలనిస్తారు. రంగు మారకూడదు, పచ్చిదనం మాత్రం పోవాలి. వేడి మీదే పొరలు ఊడదీసి పొడుగ్గా కోస్తారు. ఒక్కో పొరా ఉల్లిపొరంత పల్చగా ఉంటుంది. అంత పల్చన విడిగా వత్తితే అప్పడాల కర్రకే అంటుకుపోతుంది. రోజూ చేసే చేతులకు ఇది నిమిషాల పని. ఏడాదికి రెండుసార్లు చేసే మనకు పూట పని, పైగా సగం చిరుగులు. 1902 నుంచి ఉన్న ఆల్బర్ట్ బేకరీ ఇక్కడే, ఫ్రేజర్ టౌన్ మాస్క్ రోడ్డులో ఉంది. అక్కడ భేజా (మెదడు) పఫ్ కొనుక్కునే వాళ్లెవరూ పఫ్ పొరలు ఇంట్లో చేసుకోలేకపోయామని సిగ్గుపడరు. పట్టీ దగ్గరే ఎందుకో ఈ పట్టింపు.

ఇక మాంసం లెక్క. మా వైపు కిలో మటన్ 800 రూపాయలకు తక్కువ లేదు. ఒక సమోసాలో పన్నెండు, పదమూడు గ్రాముల పచ్చి మాంసం పడిందనుకుంటే దాని ఖరీదే 10 రూపాయలు. ఆపైన పట్టీ, ఉల్లిపాయ, నూనె, గ్యాస్, మనిషి కూలీ, అంగడి అద్దె. మటన్ సమోసా అని చెప్పి 15 రూపాయలకు అమ్ముతుంటే లోపల ఏముంటుందో కాగితం మీద కూడిక వేస్తే తెలిసిపోతుంది. అమ్మేవాడిని తప్పుపట్టను, అతనూ బతకాలి. అయితే ఇంట్లో చేసుకోవడానికి అసలు కారణం ఇదే. మాంసం నిండుగా ఉన్న సమోసా తినాలంటే మనమే చేసుకోవాలి. ఆ మాంసం దగ్గరే చెయ్యి వెనక్కి లాగితే ఇంక ఇంట్లో చేసి ఏం లాభం?

జబ్బ మాంసం తీసుకోండి, కాస్త కొవ్వుతో. మెషిన్‌లో వేయించకుండా మొద్దు మీద మచ్చుకత్తితో కొట్టించండి. మెషిన్ కైమా ముద్దయిపోతుంది, నూనెలో పడ్డాక లోపల ఉండకట్టి గట్టిపడుతుంది. కడగాలనుకుంటే ముక్కగా ఉన్నప్పుడే కడగాలి. కొట్టించాక కడిగితే పీల్చిన నీరంతా మళ్లీ పొయ్యి మీదే పోగొట్టాలి. వండేటప్పుడు చుక్క నీరు పోయొద్దు. అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పు వేసి మూత పెడితే మాంసమే నీరు వదులుతుంది. అది ఉడికి, ఇగిరి, చివరికి గిన్నె అడుగున చిటపటలు వినిపించాలి. మా కింది వాటాలో ఉండే ఖాలా ఇప్పటికీ మెట్ల మీద నుంచే అడుగుతుంది, "పానీ పూరా సూఖ్యా క్యా మా?" అని, అంటే నీరంతా ఇగిరిందా అమ్మా అని. ఆ ప్రశ్నలోనే సగం వంట ఉంది. తడి మిగిలిన కైమా పట్టీని లోపల్నుంచి మెత్తబరుస్తుంది, మూల చీలుతుంది, నూనె చిమ్ముతుంది.

కైమా పూర్తిగా చల్లారాకే ఉల్లిపాయ. సన్నగా తరిగి, పచ్చిగా, గట్టిగా పిండి కలపాలి. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిరప సరేసరి. ఇక్కడి సంతలో సబ్సిగె సొప్పు అని అమ్మే సోయికూర గుప్పెడు నేను తప్పనిసరిగా వేస్తాను. మా హిందూపురం చుట్టాలకు ఆ వాసన గిట్టదు. గిట్టకపోతే ఏరుకుని తినమంటాను. ఉర్లగడ్డ మాత్రం వద్దు. అది పోర్చుగీసుల వెంట మన దేశానికి వచ్చింది. అంతకు ముందే ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారు విందులో వడ్డించిన సంబూసక్, అంటే అప్పటి సమోసా, గురించి 14వ శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా చెప్పినదాంట్లో కొట్టిన మాంసం, బాదం, అక్రోటు, పిస్తా, ఉల్లిపాయ, మసాలాలు ఉన్నాయి. వాటిని పల్చటి రొట్టెలో చుట్టి నేతిలో వేయించారు. ఆ దర్బారు వంటశాలలో రొట్టె చేసిన మనిషే మాంసం కొట్టి, మడిచి, వేయించి ఉంటాడంటే నేను నమ్మను. ఇది మొదటి నుంచీ పదిమంది చేతుల మీదుగా నడిచిన తిండి. దాన్ని ఒక్క ఆడమనిషి నెత్తిన పెట్టి ‘అన్నీ మా ఆవిడే చేస్తుంది’ అని మురిసిపోవడం మన కాలపు తెలివి.

కాబట్టి మడతలు పెట్టే పని తినేవాళ్లందరిదీ. పట్టీలను తడిగుడ్డ కింద ఉంచి ఒక్కొక్కటే తీయాలి, గాలికి పెళుసెక్కి విరుగుతాయి. ఒక మూల మడిచి పొట్లంలా చేసి, చెంచాడు కైమా పెట్టి, త్రికోణం మీద త్రికోణం మడుస్తూ పోయి, చివర మైదా జిగురు రాసి అంటించడమే. మూలల్లో గుండుసూది పట్టే సందు కూడా ఉండకూడదు. అరకిలో కైమాకు 40 దాకా వస్తాయి. ఒక్కరే చేస్తే నడుము పడిపోతుంది, నలుగురు కూర్చుంటే సీరియల్ ఒక ఎపిసోడ్ అయ్యేలోగా ముగుస్తుంది. మా ఇంట్లో ఈ పని మా ఆయనకు బాగా అబ్బింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయన వంటింట్లో మెచ్చుకోదగ్గ పని చేశారంటే ఇదొక్కటే.

వేయించడం తేలిక. లోపలిది ముందే ఉడికింది కాబట్టి పట్టీ కరకరలాడితే చాలు. మధ్యస్థంగా కాగిన నూనె, ఒక్కో వాయికి నాలుగైదు. నూనె మరీ కాగితే పైపొర మాడి లోపలి మడతలు తెల్లగా పచ్చిగా మిగిలిపోతాయి. మిగిలిన సమోసాలు వేయించకుండా పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత సంచిలో వేసి దాచుకోవచ్చు. మంచు కరగనివ్వకుండా నేరుగా నూనెలో వేయాలి, మంట కొంచెం తగ్గించి. ప్యాకెట్ పట్టీలో నిల్వ మందులుంటాయని భయపడేవాళ్లు ప్యాకెట్ జోలికి పోకుండా, పట్టీ చేసే అంగట్లో ఆ రోజు చేసింది అడిగి తెచ్చుకోండి. రంజాన్ నెలలో అయితే అడగక్కర్లేదు, ఏ రోజుది ఆ రోజే అమ్ముడైపోతుంది.