అందరూ శ్రీవైష్ణవులే!

"మేం పెట్టలేదండీ, ఎవరో యూజర్ పెట్టాడు."

ఫోటోల సైట్లు నడిపేవాళ్ళ నోట ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం!

నేను సింగపూర్లో కోడు రాసి బతికేవాణ్ణి. అప్‌లోడ్ పేజీలు నేనూ కట్టాను. అందుకే ఈ వాదనలో డొల్ల ఎక్కడుందో తెలుసు. ఫోటో యూజరే పెడతాడు, నిజమే. కానీ ఏ శీర్షిక కింద పెట్టాలి, ఏ గడి తప్పనిసరిగా నింపాలి, ఏ ఫోటో పై వరసలోకి రావాలి అన్నవి ఎవరు నిర్ణయిస్తారు? సైటు యజమాని. నక్షత్రం గుర్తు పెట్టిన ప్రతి గడీ అతని నోటి మాటే.

కాలిఫోర్నియాలో కెవిన్ బొలార్ట్ అనేవాడు ఆడవాళ్ళ నగ్నచిత్రాలు పోగేసే సైటు నడిపాడు. ఫోటోలు పెట్టింది ఎక్కువగా వాళ్ళ మాజీ ప్రియులు. అయితే ఫోటోతో పాటు ఆమె పేరు, ఊరు, ఫేస్‌బుక్ లింకు ఇవ్వాలని అడిగింది ఇతని సైటు. ఫోటో తీయించుకోవాలంటే ఇతనిదే మరో సైటులో డబ్బు కట్టాలి! 2015లో కోర్టు 18 ఏళ్ళ శిక్ష వేసింది. యూజర్ల సరుకుకి సైట్లను కాపాడే అమెరికా చట్టం కూడా అతన్ని కాపాడలేదు.

దీని పక్కన మన బాజీ డాట్ కామ్ కేసు పెట్టి చూడండి. 2004లో ఢిల్లీ బడిపిల్లల క్లిప్పు ఒకటి ఆ సైటులో అమ్మకానికి పెట్టాడో విద్యార్థి. పోలీసులు సీఈవో అవనీష్ బజాజ్‌ని అరెస్టు చేశారు. కంపెనీని ముద్దాయిగా చేర్చనేలేదని 2012లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. బాజీ సవాలక్ష వస్తువులమ్మే అంగడి. అంగట్లో ఓ మూల దొంగసరుకు దొరకడం వేరు, దొంగసరుకు కోసమే అంగడి తెరవడం వేరు. ఈ తేడా తెలియని చట్టం అమాయకుణ్ణి జైల్లో పెడుతుంది, అసలువాణ్ణి వదిలేస్తుంది.

చట్టాల్లో ఈ తేడాకి చోటు లేకపోలేదు. సింగపూర్ ఎలక్ట్రానిక్ ట్రాన్సాక్షన్స్ చట్టం 26వ సెక్షన్ రక్షణ, ఇతరుల సరుకుకి కేవలం దారి చూపేవాడికే. మన ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ, సరుకును తాను ఎంచనివాడికీ మార్చనివాడికీ. మరి గడులు గీసి, శీర్షికలు పెట్టి రమ్మని పిలిచినవాడు "కేవలం దారి" ఎలా అవుతాడు?

ఇక్కడ 2019లో నాసి లెమాక్ పేరుతో టెలిగ్రామ్‌లో ఓ గుంపు బయటపడింది. నలభై వేల పైచిలుకు సభ్యులు! తిలాపాపం తలా పిడికెడు. ప్రమేయం ఉందన్న అనుమానంతో ఆ అక్టోబరులో పోలీసులు నలుగుర్ని పట్టుకున్నారు. అనుమతి లేకుండా ఆంతరంగిక చిత్రాలు పంచడాన్ని ప్రత్యేక నేరంగా చేసిన సవరణ 2020 జనవరి 1న అమల్లోకొచ్చింది.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. రష్మిక మందన్న డీప్‌ఫేక్ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్ కుర్రాణ్ణే. అభిమాన పేజీకి ఫాలోయర్లు పెరగాలని చేశాడట! పార్టీల ముఠాలు ఎదుటి నాయకుడి ఇంటి ఆడవాళ్ళ బొమ్మలు మార్చి పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. మన పార్టీ చేస్తే వ్యంగ్యం, ఎదుటి పార్టీ చేస్తే నేరం!

ఇలాంటి చట్టం ప్రభుత్వం చేతికి కత్తి ఇవ్వదా అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన భయమే. 66ఎ సెక్షన్‌తో మనవాళ్ళేం చేశారో చూశాం. 2015లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది చేతికందిన వాణ్ణల్లా కొట్టింది. అందుకే గీత స్పష్టంగా ఉండాలంటున్నాను. నాయకుడి మీద కార్టూనుకి సైటును పట్టుకోకూడదు. అనుమతి లేని ఆడమనిషి బొమ్మకి మాత్రం సైటు పేరు, దాని గడులు, దాని రాబడి, ఫిర్యాదు అందాక అది చేసిన పని, అన్నీ సాక్ష్యాలు కావాలి.

చివరగా ఒక మాట. మీరు చందా ఇచ్చే సైటు అప్‌లోడ్ పేజీ ఒక్కసారి తెరవండి. అది ఏం అడుగుతోందో చదవండి. ఆ తర్వాత కూడా "ఎవరో యూజర్" అనగలిగితే, రొయ్యల బుట్ట మీ ఇంట్లోనే వెతకాలి.