పట్టభద్రుని ఓటు - బ్లాక్‌చెయిను పెట్టె

విశ్వవిద్యాలయముల పాలకవర్గములకు ఇంటినుండియే ఓటు వేయుటకై బ్లాక్‌చెయిను అను పద్ధతిని తేవలెనని మన మిత్రులు కొందరు వాదించుచున్నారు. కోరిక న్యాయమైనదే. ఇచ్ఛాపురమున పుట్టి, విశాఖలో చదివి, నేడు బెంగుళూరునందో అమెరికాయందో జీవించు పట్టభద్రుడు ఓటుకొరకు ప్రయాణమై రాజాలడు.

ఈ పద్ధతి యెట్టిదనగా, షావుకారు చిట్టాను ఒక్క యింట నుంచక పదిమంది యిండ్లలో నుంచి, ప్రతి పుటమీదను వెనుకటి పుట ముద్ర వేయుట వంటిది. ఒక పుట దిద్దినచో తరువాతి ముద్రలన్నియు తప్పును. తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘము 2021 అక్టోబరు 20వ తేదీన ఖమ్మమున సెల్‌ఫోను ఓటును నమూనాగా నడపి, దీనిని పరీక్షించినది.

పడిన ఓటునకు రక్షణ కలదు, సరే. పడునప్పుడో? నేను ఎన్నికల అధికారిగా కూర్చున్న యొక సంఘమున తపాలా ఓట్లు విప్పగా, పెక్కు కాగితములపై ఒకే సిరా, ఒకే చేతి గుర్తు! సంతకములన్నియు నిజమైనవే, త్రోసివేయుటకు నాకు దారి కానరాలేదు. వానిని బ్లాక్‌చెయినులో వేసియున్నచో ఆ యన్యాయమే చెరగని లెక్కగా నిలిచియుండెడిది. హాస్టలు గదిలో పెద్దలెవరో ప్రక్కన నిలువగా ఫోను నొక్కు విద్యార్థి మాట యేమి?

మందు లేకపోలేదు. 2005 నుండి ఇంటర్నెట్టు ఓటును నడుపుచున్న ఎస్టోనియా దేశమున, గడువులోపల ఎన్నిసార్లయినను మరల వేయవచ్చును; కడపటిదే లెక్కకు వచ్చును. బలవంతపెట్టినవాడు వెడలిన పిమ్మట మనసులోని ఓటు వేసికొనవచ్చునన్న మాట. బెల్జియమునందలి లూవెన్ ఫ్రెంచి విశ్వవిద్యాలయము 2009లో తన యధ్యక్షుని హీలియోస్ అను పద్ధతితో నెన్నుకొన్నది. అందు బ్లాక్‌చెయినే లేదు. రహస్యలిపిలోని ఓట్ల పట్టికను బహిరంగముగా నుంచి, తన ఓటు చేరినదో లేదో ఎవరికి వారు సరిచూచుకొనునట్లు చేసిరి.

అయినను మన చిక్కు వేరు. 1926లో నేర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సెనేటునకు పట్టభద్రులు ప్రతినిధుల నెన్నుకొనెడివారు. 1991 నాటి చట్టము ననుసరించి పాలకమండలి ప్రభుత్వము నామినేటు చేయునదియే, ఎచ్చెర్లయందును అంతే. శ్రీకాకుళ, విజయనగర, విశాఖ పట్టభద్రులు 2023 మార్చి 13వ తేదీన శాసనమండలి స్థానమునకు కాగితపు బాలెట్టుపై ఓటు వేసిరి. శాసనమండలికి సభ్యుని పంపదగినవారు తాము చదివిన విశ్వవిద్యాలయమునకు పంపదగరా?

మన శాసనసభ్యులను ముందడుగవలసినది ఆ స్థానములనే. చట్టము సవరింపబడి పట్టభద్రుల జాబితా సిద్ధమైననాడు, తపాలాయా, ఫోనా అను చర్చకు నేనును వచ్చెదను.