గేటుకు గ్రీజు పూసే ఖర్చు ఏ పద్దులో ఉంది?

2024 ఆగస్టు 10 రాత్రి కర్ణాటకలోని తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. ఖరీఫ్‌కు ఆదుకోవాల్సిన నీళ్లు కళ్లముందే దిగువకు పోయాయి. విశ్రాంత ఇంజినీరు కన్నయ్య నాయుడు మార్గదర్శకత్వంలో, పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (తాత్కాలిక అడ్డు పలకలు) దించి వారంలో ప్రవాహాన్ని అదుపు చేశారు. ఆ బృందానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ 1953 నుంచి నీళ్లిస్తున్న డ్యామ్‌లో గొలుసు ఎంత అరిగిందో వరదకు ముందే చూడాల్సింది.

ఈ నిర్లక్ష్యం కర్నూలు, కడప జిల్లాలకు కొత్త కాదు. కర్నూలు-కడప (కేసీ) కాలువ కథే చూడండి. 1860లలో లండన్ పెట్టుబడితో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వింది. సాగుకు నీళ్లమ్మాలి, పడవల మీద సరుకు నడపాలి, లాభాలు తీయాలి అన్నది లెక్క. నల్లరేగడి రైతు నీళ్లు కొనడానికి ముందుకు రాలేదు. కంపెనీ దివాలా బాట పట్టింది. పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చిన ప్రభుత్వమే 1882లో దాన్ని కొనుక్కుంది.

పరాయివాళ్లు కట్టినదాన్ని కొనుక్కోవడంలో ఆఫ్రికాలోని మొజాంబిక్‌దీ ఇలాంటి అనుభవమే. జాంబెజీ నది మీద కాహోరా బస్సా డ్యామ్‌ను పోర్చుగీసు పాలకులు కట్టారు. 1975లో స్వాతంత్ర్యం వచ్చినా, దాన్ని నడిపే కంపెనీలో అధిక వాటా మొజాంబిక్ చేతికి రావడానికి 2007 దాకా పట్టింది, అదీ డబ్బు కట్టాకే. పరాయివాళ్లు కట్టింది కొనుక్కోవడంతో పని తీరదు, ఆ తర్వాత ఏటా బాగు చేసుకుంటూ ఉండాలి.

కేసీ కాలువకు కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 39.9 టీఎంసీలు కేటాయించింది. ఆధునికీకరణకు 1990లలో జపాన్ నుంచి అప్పు తెచ్చారు. అయినా గట్టు మీద నడిచి చూస్తే ఏముంటుంది? లైనింగ్ పగుళ్లలోంచి మొలిచిన కంపచెట్లు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన తూము షట్టరు. అది దిగకపోతే రైతులే మట్టి బస్తాలు, గడ్డి మోపులు కుక్కి నీళ్లాపుకుంటారు. పైన వృథా అయిన ప్రతి అడుగు నీరూ కిందనున్న చివరి ఆయకట్టు నోటి దగ్గర ముద్దే.

నిర్లక్ష్యం కాలువలతో ఆగలేదు. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి వరదలో మునిగాయి. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. కుండపోత వాన ఎవరి చేతిలోనూ లేదు. గేటు మాత్రం జలవనరుల శాఖ చేతిలోనే ఉంది.

రాయలసీమకు కొత్త ఎత్తిపోతలు, కొత్త జలాశయాలు కావాలి, ఇందులో రెండో మాట లేదు. అయితే శంకుస్థాపనకు దొరికే డబ్బు గొలుసుకూ గ్రీజుకూ, గేట్లూ కాలువలూ చూసుకునే లస్కరు జీతానికీ ఎందుకు దొరకదు? ప్రతి మే నెలలో ప్రతి గేటునూ ఎత్తి దించి చూడాలి. ఏది కదిలింది, ఏది మొరాయించింది అన్న జాబితాను దిగువ గ్రామాల సచివాలయాల్లో అంటించాలి. మరమ్మతు నిధిని వేరే పనులకు మళ్లించకుండా కట్టడి చేయాలి. ఖాళీగా ఉన్న లస్కరు పోస్టులను వచ్చే వానాకాలానికి ముందే భర్తీ చేయాలి.