కోడి ఇంటిది, మంద వాడది

పట్టా లేని ఆస్తి ఒకటి మన వాడల్లో ఉంది. దానికి పాసుబుక్కు లేదు, సర్వే నంబరు లేదు, ఎవని సంతకమూ అక్కర లేదు. పొద్దున గంప లేపితే బయటికి పోతది, మాపటికి పిలవకుండానే ఇంటికొస్తది. గుంట భూమి లేని ఇంట్లో కూడా నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉంటాయి. పిల్లగాని పరీక్ష ఫీజుకు, బిడ్డ పురుడుకు, జ్వరమొస్తే బస్సు కిరాయికి మన అక్కలు ఎవరి గడపా తొక్కకుండా తెచ్చుకునే పైసలు ఈ కోళ్లవే. మేకను అమ్మితే బేరం మగవాడు చేస్తాడు. కోడిని అమ్మిన పైసలు మాత్రం ఆడమనిషి కొంగు ముడిలో ఉంటాయి. ఇంత తెలిసి కూడా మన సంఘాలు కోళ్ల గురించి కూర్చొని మాట్లాడుకోవు. మాట్లాడుకోవాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

"ఉద్యమ పత్రికల కోళ్ల ముచ్చటేంది?" అని కొందరు అన్నలు నవ్వుతారు. వాళ్లు ఒకసారి వెనక్కి చూడాలి. నిజాం కాలంలో తెలంగాణలో వెట్టి అంటే ఒక్క చాకిరీ కాదు. దొర గడీకి చుట్టమొచ్చినా, ఊరికి గిర్దావరు వచ్చినా, అమీను వచ్చినా కోడి పేదల గూట్లోంచే పోయేది. అడిగి కొనేది లేదు, పట్టుకపోవుడే. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో జనం లేచింది భూమి కోసమే కాదు, ఈ వెట్టి మీద కూడా. మన గూట్లో కోడి మన మాట లేకుండా కదలొద్దనేది పెద్దలు కొట్లాడి తెచ్చుకున్న హక్కు.

ఇవాళ గూడు ఖాళీ చేసేది దొర కాదు, కొక్కెర రోగం. పెట్ట ముడుచుకొని కూర్చుంటది. పచ్చగా పారుకుంటది. నోరు తెరిచి గురక పెడతది. మెడ మెలి తిరుగుతది, కాళ్లు పడిపోతయి. నాలుగైదు రోజులు తిరిగేసరికి ఒక వాకిట్లో మొదలైంది వాడంతా ఊడ్చిపెట్టుకపోతది. పశువుల డాక్టర్లు దీన్ని రాణిఖేత్ అంటారు. 1920లలో హిమాలయ కొండల్లోని రాణిఖేత్ ఊళ్లో దీన్ని గుర్తించారు కాబట్టి మన దేశంలో ఆ పేరు వచ్చింది. వచ్చిన తర్వాత దీనికి మందు లేదు. రాకుండా టీకా ఉంది. ఆ టీకా దశాబ్దాల నుంచి ఉంది. పెద్ద పెద్ద షెడ్లలో లక్షల కోళ్లు దాంతోనే బతుకుతున్నాయి. మరి మన వాడలో కోళ్లు ఎందుకు చస్తున్నాయి?

"వాళ్లకు తెలివి లేదు, చెప్తే వినరు" అని ఆఫీసుల్లో అంటారు. అది అబద్ధం. కారణం మనిషి తెలివిలో లేదు, సీసా కొలతలో ఉంది. టీకా సీసా నూరు, రెండు నూర్లు, అయిదు నూర్ల కోళ్లకు సరిపడేటట్టు తయారవుతది. అది షెడ్డు కొలత. మన అక్కకు ఉన్నవి పది కోళ్లు. సీసాను ఐసు డబ్బాలో పెట్టి తేవాలి. మందు కలిపినంక గంటా రెండు గంటల్లో వేసెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. పది కోళ్ల కోసం నూరు కోళ్ల సీసా కొని, మండలం నుంచి ఐసులో పెట్టి తెచ్చి, తొంభై కోళ్ల మందు నేల పాలు చేసేదెవరు? పది కోళ్లకు సీసా మూత విప్పాలంటే దవాఖానలో కూడా వెనకాడుతారు. అందుకే టీకా ఉన్నా మనకు లేనట్టే అయింది.

అదే పది ఇళ్లు కలిస్తే ఏమైతది? నూరు కోళ్లు అయితయి. సీసా చాలుతది. ఇంటికి పడే ఖర్చు ఒక గుడ్డు ధర కంటె పెద్దగా ఉండదు.

మన కోళ్లన్నీ ఒకే పెంటకుప్ప గీకుతాయి, ఒకే మోరీ నీళ్లు తాగుతాయి. ఈ ఇంటి పుంజు ఆ ఇంటి పెట్ట వెంట తిరుగుతది. ఒక ఇంట్లో టీకా వేసి పక్కింట్లో వెయ్యకపోతే రోగం వాడలోనే తిరుగుతుంటది, రేపు పుట్టే పిల్లలను పట్టుకుంటది. రోగం మన వాడను ఒక్క మందగా చూస్తున్నది. మనం మాత్రం ఎవరి గంప వారిదని కూర్చుంటున్నాం. కొక్కెరకు మాలవాడ, మాదిగవాడ అని తేడా తెలియదు. గొల్లోల్ల ఇల్లు, గౌండ్లోల్ల ఇల్లు అని తెలియదు. కోడి ఎవరింటిది వారిదే, అందులో తగాదా లేదు. కానీ మంద వాడది. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

దీన్ని ఆచరణలో పెట్టడం కష్టమేమీ కాదు. సంఘం పుస్తకంలో ఒక పేజీ తీయాలి. ఏ ఇంట్లో ఎన్ని పెట్టలు, ఎన్ని పుంజులు, ఎన్ని పిల్లలు, ఎప్పుడు పొదిగాయి, ఇవి రాసుకోవాలి. పిల్ల పుట్టిన వారం రోజుల లోపల లసోటా టీకా, కంట్లో ఒక చుక్క. నెల దాటే సమయానికి మళ్లీ ఒక చుక్క. రెండు నెలలు నిండినంక ఆర్ టు బి టీకా, రెక్క దగ్గర తోలు కింద సూది. చిన్న పిల్లలకు ఈ సూది వెయ్యకూడదు, తట్టుకోలేవు. జబ్బు పడ్డ కోడికి ఏ టీకా వెయ్యకూడదు. వేసే రోజు తెల్లవారుజామునే, గంపలు లేపక ముందే, ఇంటింటికీ తిరగాలి. ఎండెక్కినంక కోళ్లు దొరకవు, మందు కూడా పాడైతది. చదువుకున్న ఆడపిల్లలు ఇద్దరు డాక్టరు దగ్గర ఒక పూట చూసి నేర్చుకుంటే వాడకు వాళ్లే చాలు.

దీంతో పాటు ఒక అలవాటు మానాలి. కోడి తూగుతున్నదని తెలియగానే సగం ధరకు మారుబేరగానికి అమ్మేస్తారు, లేకపోతే అంగడికి తీసుకపోతారు. పేదరికంలో అది సహజమే. కానీ ఆ కోడి పది ఊళ్లకు రోగం మోసుకపోతది. వచ్చే వారం అంగడిలో కొన్న పెట్టతో పాటు అదే రోగం మన గుమ్మంలోకి తిరిగొస్తది. చచ్చినదాన్ని మోరీలో పారెయ్యకుండా లోతుగా పాతిపెట్టాలి. కొత్తగా కొన్న కోడిని రెండు వారాలు వేరే గంప కింద ఉంచినాకే మందలో కలపాలి.

ఇంక జాతి ముచ్చట. పెట్టను ఎంచుకోవడంలో మన అవ్వలకు ఉన్న నేర్పు ఏ పుస్తకంలోనూ లేదు. పది పన్నెండు గుడ్ల మీద ఇరవై ఒక్క రోజులు లేవకుండా కూర్చునే పెట్ట ఏది, గద్ద నీడ పడగానే పిల్లలను రెక్కల కిందికి లాగే పెట్ట ఏది, మధ్యలో గుడ్లు వదిలి పోయేదేది, అన్నీ వాళ్లకు తెలుసు. చెదలు పట్టించిన కుండను బోర్లించి పిల్లలకు మేత పెట్టడం వాళ్లకు తెలుసు. ఇంట్లో పెట్ట లేకపోతే పక్కింటి పెట్టను పాలుకు తెచ్చుకుంటారు. సాకినందుకు పిల్లల్లో సగం, పెట్ట మాత్రం ఇచ్చినామెకే తిరిగి పోతది. వడ్డీ లేని బ్యాంకు ఇది. కాగితం లేకుండా, మాట మీద నడుస్తుంది. ఏ ప్రభుత్వమూ పెట్టింది కాదు. మన ఆడవాళ్లు పెట్టుకున్నది.

పుంజు దగ్గరే చిక్కు వస్తున్నది. వాడలో పిల్లలూ పెద్దలూ పుంజుల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అని రంగును బట్టి పేర్లు పెట్టి మురిసిపోతారు. అసీల్ జాతి మన ప్రాంతంలో పేరున్న జాతి. అసీల్ అనే మాట, మనం రోజూ వాడే "అసలు" అనే మాట ఒకే అరబ్బీ మూలం నుంచి వచ్చాయి. ఇంత చేసి పెంచిన పుంజును సంక్రాంతికి ముందు ఎవడో కారులో వచ్చి కొనుక్కుపోతాడు. మన ఇంట్లో నీళ్లు ముట్టనోడు మన ఇంటి పుంజును మాత్రం చంకల పెట్టుకొని పోతాడు. గోదావరి, కృష్ణా జిల్లాల బరుల్లో దాని కాలికి కత్తి కట్టి లక్షలు పందెం కాస్తారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, అయినా పండుగ మూడు రోజులు ఆ చట్టాలు కనిపించవు. పల్నాటిలో కోడిపందెం ఓడి రాజ్యం పోయిన కథ అందరికీ తెలుసు. ఆ పుంజుకు నూకలు వేసి సాకిందెవరో ఎవరూ అడగరు.

దీంట్లో మనకు జరిగే నష్టం ఒకటుంది. ఏటేటా అన్నిటికన్నా మంచి పుంజు వాడ దాటిపోతున్నది. ఎవరూ కొనని పుంజు మిగిలి పెట్టలను తొక్కుతున్నది. పైగా అది ఆ పెట్టల కడుపున పుట్టినదే. ఒకే రక్తం మళ్లీ మళ్లీ కలిస్తే గుడ్లు సరిగా పొదగవు, పుట్టిన పిల్లలు నీరసంగా ఉంటాయి, తొందరగా చస్తాయి. కాబట్టి నా సూచన ఇది. వాడలో అన్నిటికన్నా మంచి పుంజును ఆ ఏటికి వాడ పుంజుగా ఉంచుకోవాలి. సాకినామెకు నష్టం రావొద్దు, ఇంటికి ఇంత అని వేసుకొని ఆమెకు ధర కట్టియ్యాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఏడాది తిరిగినంక పక్క ఊరి వాడతో పుంజును మార్చుకోవాలి. మనం చుట్టరికాలు కలుపుకునే ఊళ్లే చాలు. పెళ్లికి పోయినప్పుడు ఒక పుంజు అటు, ఒక పుంజు ఇటు. మంచి తల్లి పెట్టను మాత్రం ఎంత ధర వచ్చినా అమ్మొద్దు, కొయ్యొద్దు. ఇంటికి లీడరు వచ్చినా సరే.

ప్రభుత్వం ఇచ్చే కోళ్ల సంగతేమిటని అడుగుతారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమని వనరాజా, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. మన నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే అవి నూరు దాటి పెడతాయి. అది నిజం, కాదనేది లేదు. తినడానికి గుడ్లు కావాలంటే రెండు తెచ్చుకోవచ్చు. కానీ వాటికి పొదుగు బుద్ధి తక్కువ. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి పొదిగించినా పుట్టే పిల్లలు తల్లి అంతటివి కావు. అంటే ప్రతిసారీ పిల్లల కోసం హేచరీ దగ్గర నిలబడాలి. నాటుపెట్ట ఉన్నంత కాలం ఆ హేచరీ మన గంప కిందనే ఉంటది. ఒకసారి ఆ పెట్టలను పోగొట్టుకుంటే విత్తనం మన చేతిలోంచి పోయినట్టే. పత్తి విత్తనానికి దుకాణం ముందు వరుస కట్టే రైతును చూసి కూడా మనం నేర్చుకోకపోతే ఎట్లా?

పథకాలు కూడా ఎటు పోతున్నాయో చూడండి. ఒకప్పుడు కేంద్రం పేద ఇంటికి 45 పిల్లల చొప్పున విడతలుగా ఇచ్చే పద్ధతి పెట్టింది. 2021లో జాతీయ పశుసంపద మిషన్‌ను మార్చారు. పెరటికోళ్ల పేరుతోనే వెయ్యి తల్లికోళ్ల ఫారం, హేచరీ పెట్టేవారికి సగం సబ్సిడీ, 25 లక్షల దాకా ఇస్తామన్నారు. మిగతా సగం సొంతంగానో బ్యాంకు అప్పుతోనో పెట్టుకోవాలి, షెడ్డుకు జాగా చూపాలి. పది కోళ్ల అక్కకు అందులో చోటెక్కడిది? 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న 85 కోట్ల కోళ్లల్లో దాదాపు 32 కోట్లు పెరటి కోళ్లే. అంతకుముందు లెక్కతో చూస్తే అవి నూటికి 45 పైన పెరిగాయి. ఫారం కోళ్లు నూటికి అయిదు కూడా పెరగలేదు. పెంచేది పేదలు, పథకం షెడ్డు ఉన్నోనికి.

సంఘం పుస్తకంలో లెక్క రాయాలనడానికి ఇంకో కారణం ఉంది. బర్డ్ ఫ్లూ వస్తే రోగం తేలిన చోటు చుట్టూ కిలోమీటరు దాకా కోళ్లన్నిటినీ ప్రభుత్వమే చంపిస్తుంది. 2008లో పశ్చిమ బెంగాల్‌లో ఇట్లా లక్షల పెరటి కోళ్లు పోయాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల దగ్గరికి వచ్చింది. పరిహారం కోడికి ఇంత అని ఇస్తారు. ఫారం వానికి రిజిస్టరు ఉంటది. మన కోళ్ల లెక్క మన దగ్గర లేకపోతే "నీకు పది ఉన్నాయనడానికి రుజువేంది?" అంటారు. ఆ రోజు ఈ పుస్తకమే సాక్ష్యం.

కోళ్లతో కులం పోతదా, భూమి వస్తదా అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు. పోదు, రాదు. భూమి కోసం కొట్లాట ఆగకూడదు. కానీ ఆ కొట్లాటలో కూలి బంద్ పెట్టిన రోజు, ఊరు మనల్ని వెలేసి దుకాణం సరుకు ఆపిన రోజు, ఇంట్లో పొయ్యి వెలగాలంటే మనదైనది ఏదో ఒకటి ఉండాలి. చేన్లోకి కోడి వచ్చిందనే సాకుతో వాడ మీదికి వచ్చే ఆసామి ముందు ఒక్క ఆడమనిషి నిలబడలేదు. మంద వాడదైతే వాడంతా నిలబడతది.

వచ్చే అమావాస్య లోపల ప్రతి వాడ సంఘం ఈ మూడు పనులు చెయ్యాలి. ఇంటింటికీ తిరిగి కోళ్ల లెక్క రాయాలి. టీకా రోజు ఖాయం చేసి మండల పశువుల డాక్టరుకు సంతకాలతో కాగితం ఇయ్యాలి, రసీదు తీసుకోవాలి. వాడ పుంజు ఏదో, తల్లి పెట్టలు ఏవో ఆడవాళ్లే కూర్చొని తేల్చాలి. మగవాళ్లు ఐసు డబ్బా మోస్తే చాలు.