గుండె ఆపరేషన్ అయినవారు పొట్ట కూడా చూపించుకోవాలి

‘మా నాన్నగారి వయస్సు 68. మూడేళ్ళ క్రితం బైపాస్ ఆపరేషన్ జరిగింది. బాగానే వున్నారు. ఈమధ్య మూత్రం సరిగా రావడం లేదంటే పొట్టకు స్కానింగ్ తీయించాము. ప్రాస్టేటు సంగతి అలా వుంచి, పొట్టలోని బృహద్ధమని 4.2 సెంటీమీటర్లకు ఉబ్బి వున్నదని రిపోర్టులో వ్రాశారు. ఏడాది తరువాత మళ్ళీ తీయించమన్నారు. అంతవరకూ కడుపులో బాంబు పెట్టుకుని తిరగవలసిందేనా? ఈ విషయం నాన్నగారికి చెప్పలేదు. చెబితే గుండె ఆగిపోతుందేమోనని భయం. చుట్టలు మాత్రం ఆయన ఇంకా మానలేదు.’

కోస్తాలోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఇది. ఇటువంటి రిపోర్టు చేతపట్టుకుని మా ఓ.పి.కి వచ్చేవారు ఈమధ్య ఎక్కువయ్యారు కనుక కాస్త వివరంగానే చెబుతాను.

అమ్మా! ముందుగా మీ నాన్నగారికి విషయం చెప్పండి. చుట్ట మానవలసినది ఆయన. రేపు నొప్పి వస్తే గుర్తుపట్టవలసినది కూడా ఆయనే. బైపాస్ తట్టుకున్న మనిషి ఈ మాట తట్టుకోలేకపోరు.

గుండె నుంచి బయలుదేరి, వెన్నుపూసల ముందుగా కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్ళకు పోయే పెద్ద రక్తనాళమే బృహద్ధమని. పొట్టలో దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. దాని గోడ బలహీనపడితే, పాత టైరు అరిగినచోట ట్యూబు పొడుచుకు వచ్చినట్లు ఉబ్బుతుంది. 3 సెంటీమీటర్లు, ఆపైన వుంటే దానిని ఎన్యూరిజమ్ అంటాము. గుండె రక్తనాళాలు పూడుకుపోవడం, ఇది ఉబ్బడం పైకి రెండు వేర్వేరు జబ్బులుగా కనిపించినా, పొగ, రక్తపు పోటు, వయస్సు రెండింటికీ కారణాలే. అందుకే బైపాస్ అయిన మగవారిలో, ముఖ్యంగా పొగ త్రాగినవారిలో, ఈ ఉబ్బు మిగతావారిలో కంటె ఎక్కువగా కనబడుతుంది. ఆడవారిలో చాలా తక్కువ. అలాగని ఉత్తరాంధ్రలో అడ్డపొగ త్రాగే అమ్మలు ధీమాగా వుండనక్కరలేదు.

చిక్కెక్కడ వున్నదంటే, ఆపరేషన్‌కు ముందు తీసే ఆంజియోగ్రామ్ గుండె రక్తనాళాలను చూడటానికి తీసేది. ఆపరేషన్ తరువాత అందరి దృష్టీ ఛాతీమీదే. పొట్ట ఎవరికీ పట్టదు. ఉబ్బు ఏళ్ళ తరబడి నొప్పీ గిప్పీ లేకుండా పెరుగుతుంది.

నేను చిన్నవాడిగా ఒక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో వుండగా జరిగిన సంగతి చెబుతాను. డెబ్బై ఏళ్ళాయన, ఛాతీమీద ఆపరేషన్ మచ్చ వున్నది, ఎడమ డొక్కలో నొప్పి అంటూ వచ్చారు. నొప్పి గజ్జలదాకా దిగుతున్నదన్నారు. మూత్రపిండాల్లో రాయి అనుకుని ఇంజక్షన్ చేసి పడుకోబెట్టాను. తెల్లవారుజామున లేచి నిలబడబోయి కుప్పకూలారు. అప్పుడు పొట్టమీద చెయ్యి వేస్తే బొడ్డు పైన గుండెలా కొట్టుకుంటున్న గడ్డ తగిలింది. పెద్దాసుపత్రికి చేరకముందే దారిలో పోయారు. ఆ చెయ్యి నేను రాత్రే వేసి వుండవలసింది. ఇప్పటికీ అరవై దాటినవారు ఎవరైనా మొదటిసారిగా ‘రాయి నొప్పి’ అంటే స్కానింగ్‌లో బృహద్ధమని కొలత చూసేదాకా నాకు తోచదు.

ఇక మీ ప్రశ్న. 4.2 సెంటీమీటర్ల ఉబ్బు బాంబు కాదు. ఇవి సాధారణంగా ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. 4 నుంచి 5.5 సెంటీమీటర్ల లోపు వున్నవారికి ముందుగానే ఆపరేషన్ చేస్తే మేలా అని బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ పరీక్షించి చూశారు. 1998లో, 2002లో ఫలితాలు వచ్చాయి. తొందరపడి కోసినందువల్ల ఆయుష్షు పెరగలేదు. అందుచేత మగవారిలో 5.5 చేరేవరకు కనిపెట్టి వుంటాము. బ్రిటన్‌లో 4.4 వరకు ఏడాదికొకసారి, ఆపైన మూడు నెలలకొకసారి స్కానింగ్ తీస్తారు. మిమ్మల్ని ఏడాదికి రమ్మన్న డాక్టరు అశ్రద్ధ చేయలేదు. ఏడాదిలో ఒక సెంటీమీటరు పెరిగినా, నొప్పి మొదలైనా మాత్రం కొలతతో నిమిత్తం లేదు.

ఆపరేషన్ అంటే పొట్ట కోయవలసిందే అన్న రోజులు పోయాయి. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో పరోడి అనే సర్జన్ గజ్జలలోని రక్తనాళం గుండా గొట్టం పంపి, ఉబ్బు లోపల అమర్చారు. గుండె బలహీనంగా వున్నవారికి ఇది ఎంతో సదుపాయం. అయితే అందరి రక్తనాళాలూ దీనికి అనుకూలించవు. చేయించుకున్నవారు జీవితాంతం స్కానింగులు తప్పించుకోరాదు.

ఈలోగా చుట్ట పూర్తిగా మానాలి. ఒకటి తగ్గించాను, రెండు తగ్గించాను అనే లెక్కలు వద్దు. ఉబ్బును త్వరగా పెంచేది అదే. రక్తపు పోటును అదుపులో వుంచాలి. ‘లోపల పగులుతుందేమో, రక్తాన్ని పలచన చేసే మాత్రలెందుకు’ అని కొందరు ఆస్పిరిన్ తమంతట తామే ఆపేస్తారు. గుండె డాక్టరు చెప్పనిదే ఏదీ ఆపవద్దు. నడక మంచిదే, ఊపిరి బిగబట్టి బియ్యం బస్తాలు ఎత్తడం కూడదు.

మీ నాన్నగారికి మూత్రం ఇబ్బంది కూడా వున్నది కనుక మరొక మాట. మూత్రంలో చీము వున్నదంటే మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ ఇట్టే ఇచ్చేస్తారు. ఈ ఉబ్బు వున్నవారికి వేరే మందు దొరికితే వీటిని వాడవద్దని 2018లో అమెరికా ఔషధ శాఖ హెచ్చరించింది. ప్రిస్క్రిప్షన్ వ్రాసే ప్రతి డాక్టరుకూ స్కానింగ్ రిపోర్టు చూపించండి.

పొట్టలోగాని, నడుములోగాని కొత్తగా తీవ్రమైన నొప్పి వచ్చి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగితే గ్యాస్ అని సోడా ఇచ్చి కూర్చోవద్దు. రక్తనాళాల సర్జన్ వున్న ఆస్పత్రికి ఆ క్షణమే తీసుకుపోవాలి. ఆ ఆస్పత్రి మీ ఊరికి దగ్గరలో ఎక్కడున్నదో ఈ వారంలోనే కనుక్కుని వుంచండి.

ఇది కుటుంబాలలో వచ్చే జబ్బు కూడా. మీ పెదనాన్నలు, బాబాయిలు ఎవరైనా వుంటే వారికీ ఒకసారి పొట్ట స్కానింగ్ తీయించండి. సూది లేదు, నొప్పి లేదు, పది నిమిషాల పని.