దరువేయండి.. రాయించండి!

డీఎస్సీకి ప్రిపేరవుతున్నారా? రేపు భద్రాచలం ఏజెన్సీలో పోస్టింగ్ వస్తే? ఇంట్లో కోయ మాట్లాడే పిల్లాడికి తెలుగు వాచకం కొత్త భాషే. 'వ్యాసం రాయి' అంటే బిక్కమొహం వేస్తాడు. బల్ల మీద దరువేసి, 'మీ ఊరి మీద ప్రాసతో నాలుగు లైన్ల ర్యాప్ కట్టు' అనండి. ముందు కోయలో, తర్వాత తెలుగులో. పాడిందే రాయమనండి. దరువుకు కుదరని మాటను వాడే మార్చుకుంటాడు. దిద్దుబాటంటే అదేగా!

విదేశీ మోజు అంటారా? హిప్‌హాప్ 1973లో న్యూయార్క్‌లో పుట్టి ఉండొచ్చు. కానీ మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య డోలు కొడుతూ కోయ కథలు పాడే 2022లో పద్మశ్రీ పొందారు. దరువు ఇక్కడిదే. ర్యాప్‌తో మార్కులొస్తాయా అనకండి. ముందు రాయాలంటే భయం పోవాలి. మార్కులు ఆ తర్వాతే.